కుండ చోట కూర్చున్న నక్క

వాగుకి ఇవతల మోదుగ అడవి, అవతల అభ్రకం గుట్ట. ఎప్పుడో మనుషులు తవ్వుకున్నంత తవ్వుకుని వదిలేసిపోయిన గుట్ట అది. ఎండ పడితే చాలు, చేప పొలుసుల్లా మెరిసేది. ఇవతలి జంతువులు చూసేవి గానీ దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

ఆ అడవిలో అందరికీ ఒకటే పొయ్యి. పెద్ద కుండలో రాగి అంబలి కాగేది. చిన్నా పెద్దా అందరూ అక్కడికే వచ్చి తాగేవాళ్లు. పొయ్యికి బొగ్గులు కావాలి కాబట్టి చెట్లు కొట్టి బట్టీ పెట్టేవాళ్లు. కొట్టిన మానుల్ని ఎద్దు వీరాసామి ఈడ్చుకొచ్చేవాడు. కాలిన బొగ్గుల్ని గాడిదలు మోసేవి.

బట్టీ దగ్గర గాడిదల్ని జంటగా కట్టడం ఆచారం. ఇద్దరికీ ఒకటే తాడు. నాంచారి, చెంగమ్మ అలా ఒక తాడుకు కట్టిన గాడిదలు. చెంగమ్మ ఎడమ పక్క, నాంచారి కుడి పక్క. ఒకరి డొక్క ఒకరికి ఒరుసుకుంటూ నడిచేవాళ్లు. నాంచారికి నోట్లో మాట బయటికి రాదు. ఏది కావాలన్నా చెంగమ్మే అడిగేది. "మా నాంచారికి దప్పికట" అని చెంగమ్మ అంటే, నాంచారి తల దించుకుని నీళ్లు తాగేది. అంతే ఆమె బతుకు, ఆమెకి అదే చాలు.

పోనుపోను అడవి పలచబడింది. గూళ్లు పెట్టుకునే కొమ్మ లేక పక్షులు లేచిపోయాయి. బట్టీ పొగకి ముసలి ఎలుగు దగ్గి దగ్గి గుహలోంచి బయటికి రావడం మానేశాడు. అడవికి పెద్దదిక్కు ఒక ఏనుగు. అందరూ పెద్దమ్మ అంటారు. ఆ పెద్దమ్మ ఒకరోజు బట్టీ దగ్గర నిలబడి తొండంతో నీళ్లు చిమ్మి దాన్ని ఆర్పేసింది.

"ఇంక చెట్టు కొట్టొద్దు. అవతల గుట్ట మీద అభ్రకం పలకలున్నాయి. పలక పట్టుకుని ఎండని కుండ మీదకి మళ్లిస్తే అంబలి దానంతటదే కాగుతుంది. నేను చూశాను. పని కావాల్సినవాళ్లు గుట్టకి రండి" అంది.

మొదట వెళ్లినవాళ్లని వెళ్లినట్టే తీసుకున్నారు. చెంగమ్మ ఆ గుంపులో పోయింది. నాంచారికి ఆ రోజు కాలిలో తుమ్మముల్లు దిగి వాచిపోయింది. అడుగు వెయ్యలేకపోయింది.

"నువ్వు రెండు రోజులాగి రావే. నీ చోటు నేను పట్టి ఉంచుతా" అంది చెంగమ్మ. తాడు విప్పారు. అది మధ్యలో తెగిన తాడు కాదు, ముడి విప్పిన తాడు. అయినా నాంచారికి ఎందుకో తెగినట్టే వినిపించింది.

కాలు మానింది గానీ, ఈలోపు గుట్ట మీద రూలు మారింది. పని తెలియకుండా పలకలు తిప్పి మొదటి గుంపువాళ్లు ఒకచోట గడ్డి తగలబెట్టారు, ఇంకోచోట పలకలు పగలగొట్టారు. పెద్దమ్మకి కోపం వచ్చింది. "ఇకమీదట శిక్షణ అయినవాళ్లే వాగు దాటాలి. నేర్పేవాళ్లెవరు?" అంది.

నక్క గురవయ్య ముందుకొచ్చాడు. బట్టీ ఉన్న రోజుల్లో కొట్టాల్సిన చెట్లకి గుర్తులు పెట్టింది ఆయనే. ఏ పని వచ్చినా ముందు వరసలో నిలబడడం ఆయనకి అలవాటు.

"నేను నేర్పుతాను పెద్దమ్మా. ఇది చిన్న సంగతి కాదు. ఇంధన పరివర్తన అంటారు దీన్ని" అన్నాడు.

పెద్దమ్మకి ఆ మాట బరువుగా తోచింది. సరే అంది. శిక్షణ పూర్తయినవాళ్ల నుదుటి మీద అయ్యవారు సున్నపు బొట్టు పెడతాడు. బొట్టు ఉన్నవాళ్లు వాగు దాటొచ్చు. శిక్షణ జరిగినన్నాళ్లూ గుట్ట మీద కాగిన అంబలిలో మొదటి గరిట అయ్యవారికి పంపుతారు. చివరి మాట గురవయ్య చెవిలో బాగా పడింది. శిక్షణ అయిపోతే గరిట కూడా అయిపోతుంది కదా.

పాత బట్టీ పాకలో బడి పెట్టాడు. నాంచారి, వీరాసామి, మేక రంగి, కొన్ని దుప్పులు, అడవిపందులు చేరాయి. పాక లోపల చీకటి. కప్పులో ఒకచోట గడ్డి ఊడిపోయి, ఆ సందులోంచి సన్నటి ఎండ చార పడేది. పొద్దున పూట లోపల చలి. నక్కకి చలి పడదు.

"చూడండి. పలకతో ఎండని పట్టాలి, పట్టి కుండ మీద వెయ్యాలి. ఇక్కడ కుండ లేదు కాబట్టి నన్నే కుండ అనుకోండి" అని చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

నాంచారి పలక మెడకి తీగతో కట్టి ఉంది. వీరాసామి పలక కొమ్ముల మధ్య. రంగిది కూడా అంతే, కాకపోతే చిన్నది. వంతులవారీగా ఆ చార కింద నిలబడి, మెడలు తిప్పి, ఎండని నక్క ఒంటి మీద వేసేవాళ్లు. మజ్జిగ తేటలాంటి పల్చటి వెలుగు మచ్చ అది. కాలదు, వెచ్చగా ఉంటుంది. గురవయ్య కళ్లు మూసుకునేవాడు.

"కొంచెం పైకి వీరాసామీ. భుజం మీద. ఆ, అక్కడే."

"అయ్యవారూ, భుజం కుండలో ఏ చోటు?" అని అడిగేది రంగి.

"అది రెండో మెట్టులో చెబుతా."

"రెండో మెట్టు ఎప్పుడొస్తుంది?"

"మొదటి మెట్టు అయ్యాక."

"మొదటిది ఎప్పుడవుతుంది?"

"నువ్వలా అడుగుతూ ఉంటే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది" అనేవాడు గురవయ్య. రంగి గడ్డం ఊపుకుని ఊరుకునేది. వీరాసామికి ఏ సందేహమూ లేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

కొన్నాళ్లకి గురవయ్య చాప మీంచి లేచి పాకలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. ఒకచోటే కూర్చుంటే ఒకవైపే వెచ్చబడుతుంది మరి. "కుండ కదిలినా వెలుగు తప్పకూడదు. ఇది పై తరగతి పాఠం" అన్నాడు. వాళ్లు అదీ నేర్చుకున్నారు. ఆయన ఎటు పోతే మచ్చలు అటు పోయేవి, తల్లి వెనక కోడిపిల్లల్లా.

బడి వదలగానే నాంచారి వాగు ఒడ్డున ఒక పొడుగాటి రాయి దగ్గరికి పోయి నిలబడేది. పొద్దు వాలేముందు అవతల గుట్ట మీద పలకలు తిప్పేవాళ్లు. ఒక్కొక్కటీ తళుక్కుమని ఆరిపోయేది. అందులో ఒకటి ఎడమ వైపు చివర, కొంచెం నిదానంగా మెరిసేది.

"అది చెంగమ్మ పలక" అనేది నాంచారి.

"నీకెట్లా తెలుసక్కా?" అంది రంగి ఒకసారి.

"అది ఎప్పుడూ ఎడమ పక్కే నిలబడుతుంది. తల తిప్పేముందు ఒక్క క్షణం ఆగుతుంది, నేను వస్తున్నానా లేదా అని."

రంగి ఎగతాళి చేద్దామనుకుంది గానీ నాంచారి నిలబడిన తీరు చూసి నోరు మూసుకుంది. నాంచారి ఎక్కడ నిలబడినా తన ఎడమ పక్కన ఒక గాడిద పట్టేంత చోటు వదిలి నిలబడేది. తాడు విప్పి ఎన్నాళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇరుకు పాకలో కూడా ఆ చోటు వదిలేది. దుప్పులు విసుక్కునేవి. గాలి ఆ పక్క నుంచి వచ్చి డొక్కకి తగిలితే నాంచారి చర్మం వణికేది.

ఒకరోజు గుట్ట నుంచి కాకి వచ్చింది. పలకలు ఏరి ఇచ్చే పని దానిది. రాతి మీద వాలి రెక్కలు సర్దుకుంది.

"నాంచారంటే నువ్వేనా? చెంగమ్మ అడిగింది, కాలు ఎట్లా ఉందని."

"మానింది" అంది నాంచారి. ఇంకా ఏదో చెప్పాలనుకుంది. రాలేదు.

"మానితే ఎందుకు రాలేదని కూడా అడిగింది. అక్కడ పనివాళ్లు చాలక అంబలి సగం ఉడికి దిగుతోంది. పెద్దమ్మ విసిగిపోయింది. పున్నమి దాకా చూస్తుందట. ఆలోపు బొట్టు పెట్టుకుని మీరు రాకపోతే దిగువ మడుగు బర్రెల్ని పిలుస్తుందట. అవి కుటుంబాలతో వస్తాయి. ఒక్కసారి వచ్చాయంటే ఇంక గుట్ట మీద చోటుండదు."

"చెంగమ్మ పట్టి ఉంచిన చోటు?"

"అదీ పోతుంది మరి. ఎన్నాళ్లని పట్టి ఉంచుతుంది?"

ఆ మర్నాడు నాంచారి జీవితంలో మొదటిసారి తనకి కావాల్సింది తానే అడిగింది. బడి వదిలాక అందరూ పోయేదాకా ఆగి, చాప దగ్గరికి పోయి నిలబడింది.

"అయ్యవారూ, నాకు బొట్టు పెట్టండి."

గురవయ్య అప్పుడే వచ్చిన గరిట అంబలి తాగి మూతి నాక్కుంటున్నాడు. "ఏంటమ్మా?"

"బొట్టు. నేను నేర్చుకున్నాను కదా."

"నీ పలక వణుకుతుంది నాంచారీ. వణికే పలకతో పరివర్తన జరగదు. నీకే కాదు, ఎవరికీ ఇంకా పాఠం పట్టుబడలేదు. ఎండాకాలం దాకా చూద్దాం."

"పున్నమి తర్వాత చోటు ఉండదట."

"చోటు ఎక్కడికి పోతుంది? గుట్ట ఏమన్నా నడిచిపోతుందా?" అని నవ్వి, చాప మీద అటు తిరిగి పడుకున్నాడు.

నాంచారి రాతి దగ్గరికి వచ్చేసరికి వీరాసామి, రంగి అక్కడే ఉన్నారు. ఏం చెప్పకపోయినా ఆమె మొహం చూసి రంగికి అర్థమైంది.

"పెట్టనన్నాడు కదూ. ఎందుకు పెడతాడు? మనం నేర్చుకున్నామంటే ఆయన గరిట ఆగిపోదూ."

"అయ్యవారిని అట్లా అనకూడదు రంగీ" అన్నాడు వీరాసామి.

"అనను మామా. పొగుడుతా" అంది రంగి. పక్కనే గింజలు ఏరుకుంటున్న కాకిని పిలిచింది. "ఇదిగో కాకీ, పెద్దమ్మకి ఒక మాట చెప్పు. మా అయ్యవారంతటి అయ్యవారు ఏ అడవిలోనూ లేడని చెప్పు. కుండ కదిలినా మా వెలుగు తప్పదని చెప్పు. ఒక్కసారి గుట్ట మీదకి పిలిపించి అందరి ముందూ ఆయనకి మర్యాద చేస్తే బాగుంటుందని బడి పిల్లలంతా కోరుకుంటున్నారని చెప్పు."

కాకి నాంచారి వైపు చూసింది. "నీ మాట ఏమన్నా ఉందా?"

నాంచారి చాలాసేపు ఆలోచించింది. "వస్తున్నానని చెప్పు. చెంగమ్మకి."

రెండు పొద్దులు తిరక్కుండానే కబురొచ్చింది. పున్నమి రోజున అయ్యవారు శిష్యులందరితో గుట్టకి రావాలి, పెద్దమ్మ స్వయంగా చూస్తుంది, అయ్యవారిని గౌరవిస్తుంది. గురవయ్య ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆలోచించుకున్నాడు. వీళ్లు అసలు కుండ మీద ఎప్పుడూ వెలుగు వేసినవాళ్లు కాదు, తప్పుతారు. తప్పితే ఇంకా శిక్షణ కావాలంటాను. బర్రెలు వచ్చినా వాటికి నేర్పేది నేనే. గరిట ఎక్కడికీ పోదు. అలా అనుకుని తోక దువ్వుకుని బయల్దేరాడు.

వాగు దాటుతుంటే నాంచారి కాళ్లు తడబడ్డాయి. లోతు వల్ల కాదు. అవతల ఒడ్డు ఎక్కి చూస్తే గుట్ట చదునైన చోట నడిమధ్య నల్లటి కుండ ఉంది. దాని చుట్టూ దూరం దూరంగా రాళ్లు, ఒక్కో రాతి మీద ఒక్కరు. నాంచారి ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. చెంగమ్మ కనబడలేదు. చివర తెల్లటి గాడిద ఒకటి కళ్లార్పకుండా తన వైపే చూస్తోంది. నాంచారి దాన్ని దాటి చూసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆ తల ఒక్క క్షణం ఆగి తిరిగింది.

చెంగమ్మ తెల్ల గాడిద. పుట్టిన దగ్గర్నుంచీ బొగ్గు దుమ్ములో కలిసి నడిచారు గనక ఒకరి రంగు ఒకరికి తెలియదు.

పలకరించడానికి లేదు. కుండ ఎక్కి ఉండగా ఎవరూ రాయి దిగకూడదని అక్కడ కట్టడి. దిగువ మడుగు బర్రెలు కూడా వచ్చి ఒక పక్కన నెమరేస్తూ కూర్చున్నాయి.

"కానివ్వు గురవయ్యా. మావాళ్లు పలకలు దించుతారు. నీవాళ్లతో కాయించు" అంది పెద్దమ్మ.

గురవయ్యకి అందరి కళ్లూ తన మీద ఉండాలి. కుండ పక్కనే ఎత్తుగా ఒక బండ ఉంటే దాని మీదకెక్కి తోక పైకెత్తి నిలబడ్డాడు.

"ఎత్తండి" అన్నాడు, పాకలో అన్నట్టే.

అందరూ మెడలు ఎత్తారు. నాంచారి పలక నిజంగానే వణుకుతోంది. తప్పితే ఇంక ఎప్పటికీ ఈ వాగు దాటడం ఉండదు. ఆమె కుండ వైపు చూడలేదు. ఎప్పుడూ వెలుగు వెయ్యని కుండ, దాన్ని చూస్తే భయం వేసింది. తెలిసిన చోటు ఒకటే, అయ్యవారు. అక్కడే చూపు నిలబెట్టి మెడ తిప్పింది. నేల మీద పాకుతూ పోయిన వెలుగు మచ్చ బండ ఎక్కి నక్క తోక మీద కుదురుకుంది. వీరాసామిది పొట్ట మీద, రంగిది చెవి మీద, దుప్పులవీ పందులవీ వీపంతా. ఒక్కటి కూడా తప్పలేదు.

ఇది పాక సందులోంచి వచ్చే మజ్జిగ తేట కాదు, మిట్టమధ్యాహ్నపు ఎండ.

గురవయ్య ముందు చిరునవ్వు నవ్వాడు. తర్వాత చెవి దులిపాడు. తర్వాత తోక వెనక్కి చూసుకున్నాడు. సన్నగా పొగ లేస్తోంది.

"కుండ మీద, కుండ మీద" అంటూ బండ దిగి పరుగెత్తాడు.

"కుండ కదిలింది, తిప్పండి" అన్నాడు వీరాసామి నెమ్మదిగా. అందరూ తిప్పారు. నక్క కుడికి పోతే వెలుగు కుడికి, ఎడమకి పోతే ఎడమకి. బర్రెల వెనక దాక్కోబోతే బర్రెలు లేచి పక్కకి జరిగాయి. వాటికి ఒళ్లు కాలడం ఇష్టం లేదు. ఆఖరికి గురవయ్య వాగులో దూకాడు. చుయ్యిమని చప్పుడైంది.

కుండ మాత్రం చల్లగానే ఉంది.

పెద్దమ్మ చెవులు ఊపుతూ నిలబడింది. ఆమె పొట్ట కదులుతోంది, నవ్వో కోపమో తెలియలేదు.

"ఏం నేర్పాడు మీకు మీ అయ్యవారు?"

"వెలుగు తప్పకుండా ఆయన మీద వెయ్యడం పెద్దమ్మా" అన్నాడు వీరాసామి.

"అంతేనా?"

"రెండో మెట్టు ఇంకా చెప్పలేదు" అంది రంగి.

పెద్దమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వుకి గుట్ట మీద సన్న రాళ్లు దొర్లాయి. "రెండో మెట్టు నేను చెబుతా. ఆయన్ని వదిలేసి అదే వెలుగు కుండ మీదకి తొయ్యండి. ఇదంతా ఒకరోజు పని. ఇన్నాళ్లూ ఏం చేశారర్రా?"

మచ్చలు వాగు ఒడ్డు నుంచి వెనక్కి పాకుతూ వచ్చి ఒక్కొక్కటే కుండ ఎక్కాయి. నాంచారి పలక ఇప్పుడు వణకలేదు. ముందు అంచు దగ్గర బుడగలు లేచాయి, తర్వాత అంబలి కుతకుతలాడింది. బర్రెలు ఒకదాని మొహం ఒకటి చూసుకుని దిగువకి దారి పట్టాయి.

కుండ దించాక చెంగమ్మ రాయి దిగి వచ్చింది. ఇద్దరూ ఒకరి ముక్కు ఒకరు వాసన చూసుకున్నారు. బొగ్గు వాసన ఒకరి మీదే ఉంది.

"కుంటుతున్నావేమే?"

"లేదు. వాగులో తడబడ్డాను." నాంచారి అలవాటుగా ఎడమ పక్కన చోటు వదిలి నిలబడింది. "నా చోటు ఉంచావా?"

"ఉంచాను" అంది చెంగమ్మ. ఆ వదిలిన చోటు చూసి ఒక్క క్షణం ఆగింది. "పక్కన కాదే. ఇక్కడ పక్కపక్కన నిలబడితే ఒకరి నీడ ఒకరి పలక మీద పడుతుంది. ఎదురు రాయి అడిగి ఉంచాను. అందరూ నవ్వారు, అక్కడ ఎండ ఎక్కువని. నువ్వు కనబడతావని అడిగాను."

మర్నాటి నుంచీ నాంచారి ఆ రాతి మీద నిలబడింది. డొక్కకి డొక్క తగలదు. గాలి ఎప్పటిలాగే ఎడమ పక్కన వచ్చి పోతుంది. ఆ చోటు ఆమె ఇంకా వదిలే ఉంచుతుంది. కానీ తల ఎత్తితే కుండకి అవతల తెల్లగా చెంగమ్మ. ఇద్దరి మచ్చలూ చెరో వైపు నుంచి వచ్చి కుండ మీద ఒకటవుతాయి. ఒకటయ్యాక ఏది ఎవరిదో వాళ్లకే తెలియదు.

ఇవతల ఒడ్డున, నాంచారి నిలబడే పొడుగాటి రాయి దగ్గర ఇప్పుడు గురవయ్య కూర్చుంటున్నాడు. తోకకి వెంట్రుకలు ఇంకా రాలేదు. పాకలోకి పోతే చలి, బయటికొస్తే ఎండంటే భయం, రాతి నీడలో ముడుచుకుని ఉంటాడు. పొద్దు వాలేముందు అవతల పలకలు తిప్పుతారు. గాలి ఇటు మళ్లితే అంబలి వాసన వస్తుంది. మొదటి గరిట ఎట్లా ఉండేదో తలుచుకుంటూ ఆ తళుకులు ఆరేదాకా చూస్తాడు.

తన చలి కాచుకోవడానికి ఇంకొకరికి చదువు చెప్పినవాడు, ఆ చదువు ఎండకెక్కిన రోజున నీడ వెతుక్కోవాల్సిందే.